ఖాళీ కాని పదిహేడో గ్రూపు

"గ్రూపు ఖాళీ కాలేదు."

కంప్యూటర్ మూడోసారి కూడా అదే ముక్క అచ్చు వేసింది.

ఉమాపతి ఆ కాగితాన్ని మిగతా రెండింటి పక్కన పెట్టాడు.

అది 1973. ఖరగ్‌పూర్‌లో ఒక కార్ఖానా. అందులో పాత బాయిలర్ విభాగం మూతపడింది. ఆ విభాగం వాళ్ళ పేర్లన్నీ పదిహేడో గ్రూపు. మనిషికో చిల్లుల కార్డు, మొత్తం నలభై మూడు.

ఆ గ్రూపును పూర్తిగా తీసేస్తేనే, అదే నంబరు మీద కొత్త డీజిల్ విభాగం వాళ్ళకి గేటు పాసులు వస్తాయి.

తీసేసే ప్రోగ్రాం రాసింది ఉమాపతే. కలకత్తాలో శిక్షణ పొంది వచ్చాడు. రిటైరైనా, బదిలీ అయినా, చనిపోయినా కార్డు మీద దానికో చిల్లు ఉంటుంది. ఆ చిల్లు చూసి ప్రోగ్రాం పేరు తీసేస్తుంది. అందరూ పోతే గ్రూపూ పోతుంది.

పోవడం లేదు. ఎవరి పేరు మిగిలిందో యంత్రం చెప్పదు.

కొత్తవాళ్ళు అరవై మంది రెండు రోజులుగా గేటు బయట ఎండలో నిలబడి ఉన్నారు.

కార్డుల గది బయట బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. వెలిసిపోయిన ఖాకీ చొక్కా. నిన్న కూడా అక్కడే ఉన్నాడు.

"ఏం కావాలి?" అన్నాడు ఉమాపతి.

"ఏటీ వద్దు బాబూ. గ్రూపు పోనేదని కార్ఖానా పూరీ గేటుకాడ అనుకుంటన్నారు."

"అది మీకెందుకు? ఇక్కడ కూర్చోకూడదు."

ముసలాయన లేచి, మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నాడు.

మూడో రోజు కార్ఖానా పెద్ద అధికారి బడా సాబు ఫోన్ చేశాడు.

"సాయంత్రంలోగా కాకపోతే కలకత్తా నుంచి వేరే మనిషిని పిలిపిస్తాను."

"సరే సార్," అన్నాడు ఉమాపతి.

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో ముసలాయన.

"బాబూ, పోగ్రాం ఎన్నిసార్లు సూసినారు?"

"పదకొండు సార్లు."

"మరి కార్డులు సూసినారా?"

"కార్డులు యంత్రం చదువుతుంది కదా."

"యంత్రం సిల్లునే సదువుద్ది. సిల్లు మూసేస్తే దానికేటి తెలుస్తాది? ఒక్కోటీ తీసి, కిటికీకాడ వెలుగులో ఎట్టి సూడండి."

ఉమాపతికి చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. కార్డుల ట్రే లాగాడు.

ఒక్కో కార్డూ వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తున్నాడు. పది చూశాడు. ఇరవై చూశాడు. కళ్ళు మసకబారుతున్నాయి.

ముసలాయన చేయి చాపి, ట్రే చివర నుంచి ఒక కార్డు పైకి తీశాడు. దాన్ని వెలుగులో పెట్టి చూడలేదు.

"ఇది సూడండి."

వెంకటరావు, ఫిట్టర్.

చనిపోయినవాళ్ళకి కొట్టే చిల్లులో చిన్న కాగితం ముక్క ఇరికించి ఉంది. అన్నం మెతుకుతో అంటించి, గోటితో నున్నగా రుద్దారు.

ఉమాపతి పాత రిజిస్టరు తిరగేశాడు. ఆ వెంకటరావు కామెర్లొచ్చి పోయి ఏడేళ్ళయింది.

"అదీ సంగతి. యంత్రం లెక్కలో ఇతను ఇంకా బతికే ఉన్నాడు."

"ఔను బాబూ."

"ఎవడు చేశాడో గానీ, తెలిస్తే వాడి ఉద్యోగం ఊడగొట్టించేవాణ్ణి."

"ఎవుడో పిచ్చోడు బాబూ. ఇలాగ అరవై మంది గేటుకాడ నిలబడిపోతారని ఆడికి తెల్దు."

ఉమాపతి గుండుసూది తీసుకున్నాడు. మూడు రోజులుగా నిద్ర లేదు. సూది మొన చిల్లు పక్కకి జారింది.

"ఇలాగియ్యండి. నాను తీస్తాను," అన్నాడు ముసలాయన.

ఒక్కసారికే ముక్క ఊడింది. నేల మీద ఎక్కడో పడింది. ఆయన కాసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఉమాపతి కార్డులన్నీ మళ్ళీ యంత్రంలో పెట్టాడు.

"పదిహేడో గ్రూపు తీసివేయబడింది."

నాలుగింటికల్లా గేటు పాసుల అచ్చు మొదలైంది. గేటు దగ్గర పేర్లు పిలుస్తున్నారు.

ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"బాబూ, ఆ కార్డు ఇంక దేనికైనా పనికొస్తాదా?"

"రాదు. తీసేసినవి చింపేయాలి."

"నాకిచ్చెయ్యరాదా?"

"రూలు ఒప్పుకోదు."

"ఠీక్ హై," అన్నాడాయన.

ఉమాపతి ఆయన ఎదుటే నలభై మూడు కార్డులూ చింపి బుట్టలో వేశాడు.

ముసలాయన నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పేరు అడగాలని ఉమాపతికి తోచలేదు.

సోమవారం విల్‌ఫ్రెడ్ సెలవు నుంచి వచ్చాడు. కార్డుల గదికి ఆయనే పెద్ద. ఉమాపతి జరిగిందంతా చెప్పాడు.

"కార్డు అంచులు పట్టుకునే తీరు చూస్తే ఈ పని తెలిసిన మనిషిలాగే ఉన్నాడు. ఎక్కడుంటాడో తెలిస్తే వెళ్ళి ఒక మాట చెప్పి వద్దును."

"ఆయన పేరు దేముడు గారండీ," అన్నాడు విల్‌ఫ్రెడ్. "రిటైరయ్యేదాకా ఈ గదిలోనే కార్డులు సర్దేవారు. నాకు పని నేర్పింది ఆయనే."

"ఎక్కడుంటారు?"

"ఇక్కడే, తాల్‌బగీచా పేటలో ఉండేవారు. నిన్న స్టేషన్లో కనిపించారు. సామాను సర్దుకుని ఊరెళ్ళిపోతున్నారు. ఇంక ఇక్కడ పనేమీ లేదన్నారు."

"మరి పింఛనుకో దేనికో అప్లికేషన్ ఏమైనా పెట్టుకున్నారా? రెండు రోజులు ఆ బెంచీ మీదే కూర్చున్నారు. నేనే లేచిపొమ్మన్నాను."

విల్‌ఫ్రెడ్ ఖాళీ ట్రేలోకి తొంగి చూశాడు.

"ఇంతకీ గ్రూపును ఆపేసింది ఎవరి కార్డు?" అని అడిగాడు.

"వెంకటరావు అని, ఎవరో ఫిట్టర్."

విల్‌ఫ్రెడ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెంకటరావు ఆయన కొడుకండీ."