రెండింటికి పోయే కరెంటు

"విప్పమంటే విప్పుతానక్కా. కానీ ఈ పాత డిస్కు ఇంకొక్కసారే లేస్తుంది. మధ్యలో కరెంటు పోయిందా, ఇక నా పూచీ లేదు," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే హాతిమ్.

సుహాద్ గోడ గడియారం వైపు చూసింది.

ఆ పాత కంప్యూటర్లో ఉన్నది ఆమె తల్లి గొంతు. బస్రాలో ఆడవాళ్ల సంతాప మజ్లిసుల్లో విలాప గీతాలు పాడి, రాయిలాంటి వాళ్లను కూడా ఏడిపించిన మనిషి. కిందటి చలికాలంలో కన్నుమూసింది. ఆ పాటలు మరెక్కడా లేవు. రెండో డిస్కు పెట్టించి అందులోకి ఎక్కించాలని సుహాద్ రేపు, రేపు అనుకుంటూనే ఉంది. నిన్నటి నుంచి పాత డిస్కు టిక్కుటిక్కుమంటోంది.

"ఎంతసేపు పడుతుంది?"

"పాత పెట్టె కదా, నత్తనడక. సాయంత్రం అవుతుంది."

రెండింటికి వీధి జనరేటర్ ఆపేస్తారు. ఇంట్లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సర్కారు కరెంటు సంగతి దేవుడికే ఎరుక.

సుహాద్ అబాయా తల మీదికి లాక్కుని, సందు చివరి జనరేటర్ షెడ్డుకు పరుగెత్తింది.

"అబూ మైథమ్! పాత డిస్కులోది కొత్తదాంట్లోకి ఎక్కాలి, ఈ ఒక్కరోజు ఆపకు నాయనా, నీ పిల్లలు చల్లగా ఉండాలి!"

"ఎండ చూశావా? పెద్ద ఇంజనుకు విశ్రాంతి ఇవ్వకపోతే పేలిపోతుంది. ఇక చిన్న ఇంజను రాత్రీ పగలూ ఆగదు, కానీ అది ఎక్కువ డబ్బు కట్టే బంగారు లైను వాళ్లకే. నీది మామూలు లైను."

"అయితే నన్నూ అందులో కలుపు!"

"అది ఇంకో ఇంటి బరువు మోయలేదు. వెళ్లమ్మా."

అక్కడే నూనె డబ్బా మీద కూర్చున్న ఎవరో పెద్దాయన తలెత్తాడు.

"డిస్కులో ఏముంది తల్లీ?"

"మా అమ్మ ఉంది! చెబితే మీరేమైనా నా కష్టం తీరుస్తారా? అడగడానికేం, అందరూ అడుగుతారు."

ఆయన డబ్బా మీద నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో హాతిమ్ రెండో డిస్కు బిగిస్తున్నాడు.

"ఒకే తీగ మీద రెండు డిస్కులు. రెండూ నేనే పెద్దంటే కాపురం సాగదు. ఈ పిన్ను ఇలా మారిస్తే పాతది అత్త, కొత్తది కోడలు."

"త్వరగా కానీరా, నీ అత్తాకోడళ్ల గోలా నువ్వూ!"

సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగింది. ఇంకా రెండు కాలేదు.

సుహాద్ బాల్కనీలోకి ఉరికింది. కరెంటు స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద ఇందాకటి పెద్దాయన. ఆయన చేతిలో ఆమె ఇంటి తీగ.

"దొంగ! కరెంటు దొంగ! నా లైను లాగేసుకుంటున్నాడు!"

ఆ సందులో కోడిని ఎత్తుకుపోయినా క్షమిస్తారు గానీ, కరెంటు ఎత్తుకుపోతే క్షమించరు. నలుగురూ నిచ్చెన చుట్టూ మూగారు.

"రెండు నిమిషాలు ఆగండి బాబూ! ముడి వేసి దిగుతాను, అప్పుడు కొట్టండి!"

"ముసలాడికి ఎంత పొగరో చూడు!"

కాలు పట్టి కిందికి లాగారు. పెదవి చిట్లింది. ఆయన పైకి, బాల్కనీ వైపు చూశాడు.

"ఇక మొదలుపెట్టుకో తల్లీ."

"సిగ్గు లేదూ!" అని సుహాద్ విసురుగా లోపలికి వెళ్లింది.

ఫ్యాను తిరుగుతోంది. హాతిమ్ మీట నొక్కాడు. పాత డిస్కు మూలిగి, టిక్కుమని, లేచింది.

రెండయింది. సందులో కూలర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

సుహాద్ తలెత్తి పైకి చూసింది.

ఆమె ఫ్యాను ఆగలేదు.

"అబూ మైథమ్ మనసు కరిగిందిరా! నా ఒక్కదానికే వదిలాడు!"

సాయంత్రం దాకా కూర్చోలేదు, నిలబడలేదు. టీ పెట్టుకుంది, తాగలేదు.

"అయిపోయిందక్కా. విను."

కొత్త డిస్కులోంచి తల్లి గొంతు లేచింది. సుహాద్ బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

పళ్లెం నిండా ఖర్జూరం బిళ్లలు పెట్టుకుని షెడ్డుకు బయలుదేరింది. దారిలో ఇందాకటి దొంగ ట్రాలీ ఆటోలోకి మూటలు ఎక్కిస్తున్నాడు. ఆయన ఐస్‌క్రీం ఫ్రీజరు కింద నుంచి గులాబీ రంగు నీళ్లు కారుతున్నాయి.

"వారం కిందే ఈ సందులో దిగాడు. అందరూ పొమ్మన్నారు, పీడ విరగడైంది," అంది పక్కింటావిడ.

"మంచిదైంది," అంది సుహాద్.

షెడ్డులో పళ్లెం ముందుకు చాచింది. "నీ మేలు మరచిపోను, అబూ మైథమ్!"

"నేనేం చేశానమ్మా? రెండింటికి ఆపేశాను. ఎవరో ఒక ఇంటి తీగ విప్పేసి, ఆ బంగారు లైనుకు నీ తీగ కట్టారు, ఇప్పుడే చూశాను."

"ఎవరి లైనుకు?"

"మీ స్తంభానికి బంగారు లైను ఒక్కటే తల్లీ, అది ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తున్న ఆ ఐస్‌క్రీం ఆయనది."