కొంగ మార్కు

“పీకేద్దామా, ఉంచుదామా? ముందు అది తేల్చు,” అన్నాడు పెద్దాయన మేడమెట్లు ఎక్కుతూనే.

మెకానిక్ మోకాళ్లు పట్టేసి, రెయిలింగు ఆసరాతో ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. ఈ వయసుకి అందరూ నీడ పట్టున చేరతారు. అతని బతుకేమో ఎండ ఎక్కడుంటే అక్కడ.

డాబా మీద కొంగ మార్కు సోలార్ ప్యానెళ్లు వాలుగా పడి ఉన్నాయి. స్టాండ్లు తుప్పు పట్టాయి. మూలనున్న కొంగ బొమ్మకి కాళ్లు చెరిగిపోయి ముక్కు ఒక్కటే మిగిలింది. ఆ కంపెనీ మూతపడి ఏళ్లయింది. గ్యారంటీ అడుగుదామంటే ఆఫీసే లేదు.

“షాపువాడు భయపెట్టాడయ్యా. కొంగ ఎప్పుడో ఎగిరిపోయింది, ఇవాళో రేపో ఇవీ గుటుక్కుమంటాయన్నాడు. నా బెంగ వీటి గురించి కాదు. మీ పిన్ని మిషను ఆగకూడదు.”

ఊళ్లో కరెంటు పొద్దుటే పోయింది. కింద గదిలో పెద్దాయన భార్య ఊపిరి మిషను మాత్రం బుసకొడుతూనే ఉంది. అది ఆగితే ఆమెకి గాలి ఆడదు.

డాబానంతా పక్కమేడ నీడ కప్పేసింది. ఆ మేడ పెద్దాయన తమ్ముడిది. దాని మీద పై అంతస్తు లేచిన రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

“నా ఎండ మింగడానికే లేపాడు అంతెత్తు,” అన్నాడు పెద్దాయన, పక్కింటికి వినబడేలా. “వాడి నెత్తిమీద కొత్తరకం ప్యానెళ్లు, నల్లగా నిగనిగలాడుతూ. ఏం లాభం? ఈ నీడలోనే నా కొంగలు మిషను లాగుతున్నాయి. సరుకంటే అదీ.”

మెకానిక్ తన సంచీని పిట్టగోడ వారగా పోయే పైపు మీద దించాడు. కరెంటు కొలిచే మీటరు పైకి తీశాడు. ఏమనుకున్నాడో, మళ్లీ లోపల పడేసి గుడ్డతో కొంగ ముక్కు మీద దుమ్ము తుడిచాడు.

“మరి ఆ నల్లవాటి సంగతేంటి?” అన్నాడు పెద్దాయన.

“మంచివే బాబాయ్. వాటికి ఎండ కావాలి.”

“ఎండ ఉంటే ఎవడైనా ఇస్తాడు. రెండువైపులా వెలుగు పట్టేవి ఉన్నాయంటగా?”

“బరువెక్కువ. ఈ స్టాండ్లు మొయ్యవు.”

“పోనీ, వీటికే ఓ రెండు కొత్తవి కలిపితే?”

“పాతదాంతో కలిపితే కొత్తదీ నీరసపడుద్ది. కుంటివాడి చెయ్యి పట్టుకుని నడిచినట్టే.”

పెద్దాయన నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. “నువ్వేం మెకానిక్‌వయ్యా? ఇంకొకడైతే ఈపాటికి డాబా నిండా కొత్తవి దింపేసేవాడు. అందుకే ఇలా ఏడిచావు.”

“నిజమే బాబాయ్. చదువూ లేదు, అమ్ముకునే నోరూ లేదు.”

ఎన్ని ఇళ్లలో ఎన్నిసార్లు పడ్డాడో ఈ మాట. నొప్పి కూడా పుట్టడం మానేసింది.

“పక్కింటి నుంచి ఓ లైను తీసుకోమంది మీ పిన్ని,” పెద్దాయన గొంతు తగ్గింది. “వాడి గుమ్మం తొక్కే కంటే చీకట్లో కూర్చుంటానన్నాను.”

“మీరు కూర్చుంటారు. పిన్ని సంగతో?”

కింద మిషను ఒకసారి బరువుగా పీల్చి వదిలింది. పెద్దాయన మెట్ల వైపు చెవి ఒగ్గాడు.

“ఉంచెయ్యండి,” అన్నాడు మెకానిక్. “నడిచేదాన్ని కెలక్కూడదు.”

“ఆగితే?”

“ఆగదు. నేను చూసుకుంటాగా.”

పెద్దాయన మొహం విప్పారింది. పాలిచ్చే గేదెని తట్టినట్టు ప్యానెల్‌ని తట్టాడు. “అనుకున్నా. ఇలాంటివి మళ్లీ పుట్టవయ్యా,” అంటూ ఆ కబురు భార్యకి చెప్పడానికి గబగబా దిగిపోయాడు.

మెకానిక్ సంచీ భుజాన వేసుకుని, మోకాళ్లని తిట్టుకుంటూ దిగి, సందు మలుపు తిరిగాడు. పక్కమేడ పెరటి గేటు దగ్గర పెద్దాయన తమ్ముడు కాచుకుని ఉన్నాడు. అటూ ఇటూ చూసి, అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

“అన్నయ్య ప్యానెళ్లు చచ్చిన రోజున నువ్వు మా మేడ మీంచి ఆ పైపులో లాగిన వైరు పాతబడిపోయింది, ఆయన కంట పడకుండా కొత్తది మార్చెయ్, వదిన మిషను ఆగకూడదు.”