గారెల డిఫెన్స్

“ఈ ఆవకాయ జాడీ గోల్‌పోస్టు అనుకోండి అంకుల్. ఈ గారెలు మా డిఫెండర్లు” అంటూ హేమచంద్ర తన పళ్ళెంలోంచి రెండు గారెలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

ద్వారకానాథ్ గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆయన బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్ పేటలో పళ్ళ డాక్టరు. బంతి తగిలి పళ్ళు రాలినవాళ్ళంతా తన దగ్గరికే వస్తారు కాబట్టి హాకీ అంటే తనకి ప్రత్యేక గౌరవమని రాగానే చెప్పి నవ్వించారు. నిరుడే మెల్‌బోర్న్ నుంచి వచ్చారట, ఇంకా కొంత సామాను విప్పనేలేదట.

హేమచంద్ర వచ్చింది పెళ్ళిచూపులకి. ద్వారకానాథ్ గారమ్మాయి శాంతి ఎదురుగా కూర్చుంది. ఆమె తలుపు తీసి నవ్విన క్షణంలోనే అబ్బాయిగారి పని అయిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి. కానీ చిక్కేమిటంటే, సంబంధం తెచ్చిన చాముండేశ్వరి ఆంటీ ముందే హెచ్చరించింది. “తండ్రి వెన్నపూస. తల్లితోనే కష్టం బాబూ. ఆటలవాళ్ళకి పిల్లనివ్వనని పంతం పట్టుక్కూర్చుంది. కాస్త మెప్పించుకో.”

మెప్పించడమంటే తన పనితనం చెప్పుకోవడమే అనుకున్నాడు మనవాడు. బ్రిస్బేన్ లోరికీట్స్ హాకీ జట్టులో అతను డేటా ఎనలిస్టు. ఆ జట్టు నిరుటిదాకా మెల్‌బోర్న్‌లో, క్లేటన్ దగ్గర ఉండేది. ఓడి ఓడి, చూసే నాథుడు లేక ఇక్కడికి మకాం మార్చింది. ఊరు మారింది గానీ ఓటముల రికార్డు మాత్రం తోకలా వెంటే వచ్చింది. ఈమధ్యే గెలుపు రుచి చూస్తోంది.

“మరిప్పుడు ఎలా గెలుస్తున్నారోయ్?” అన్నారు ద్వారకానాథ్ గారు.

“ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో పాత స్కోర్లన్నీ పీకేశాం అంకుల్. మెల్‌బోర్న్ మాటగానీ, పాత కోచ్ మాటగానీ ఎత్తినవాళ్ళు అందరికీ కాఫీలు తెచ్చివ్వాలని రూల్. నేను చేరి ఇన్నాళ్ళయినా ఆ మహానుభావుడి పేరేమిటో నాకు తెలీదంటే నమ్మండి!”

శాంతి దగ్గింది. టేబుల్ కింద అతని కాలు గట్టిగా తొక్కింది. హేమచంద్రకి ఒళ్ళు పులకరించింది. ఇంత తొందరగానా, అనుకున్నాడు.

“అంత ఘోరంగా ఆడించాడా?”

“వీడియోలన్నీ చూశాను కదా! అందర్నీ ముందుకే తోసేవాడు. చూడండి, గారెలన్నీ ఇటొచ్చేశాయి. జాడీకి కాపలా ఎవరు? దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, గోల్ పడ్డాక డిఫెన్స్ వెనక్కొచ్చేది.”

అప్పుడే శాంతి తల్లి ఉదయలక్ష్మి గారు పప్పుచారు గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు. “ముందుకు తోస్తే తప్పేముంది బాబూ? గోల్స్ వెయ్యొద్దూ?”

“చూడ్డానికి అలాగే అనిపిస్తుంది ఆంటీ” అన్నాడు హేమచంద్ర ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. “కొంచెం టెక్నికల్. బయటివాళ్ళకి అంత ఈజీగా అర్థం కాదు.”

“అలాగా” అని ఆవిడ ఇంకో రెండు గారెలు వడ్డించారు. “పాపం, నీ డిఫెండర్లు తక్కువయ్యారు.”

“ప్లీజ్, జస్ట్ ఈట్. చల్లారిపోతోంది” అంది శాంతి, కళ్ళు పెద్దవి చేసి. ఎంత శ్రద్ధో, అని మురిసిపోయాడు హేమచంద్ర.

“అయితే మీరు చేసిన గొప్ప మార్పేంటి?” ఆవిడ వదల్లేదు.

“ఇద్దర్ని గోల్ దగ్గర కదలకుండా నిలబెట్టాం. మిగతావాళ్ళకి చిన్నచిన్న పాసులు ప్రాక్టీస్ చేయించాం. అంతే ఆంటీ. ఆటగాళ్ళు పాతవాళ్ళే, ఒక్కణ్ణీ మార్చలేదు.”

“ఒక్కణ్ణీ మార్చలేదా?” ఆవిడ చేతిలో గరిటె ఆగింది. “మరి వాళ్ళని తెచ్చిందెవరు?”

హేమచంద్ర తడబడ్డాడు. ఈ మాట అతను ఆఫీసులో ఎవరి దగ్గరా అనలేదు. కానీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“పాత కోచేనండీ. అందరూ అప్పుడే స్కూలు దాటిన పిల్లలు. ఓడిపోతున్నా ఒక్కణ్ణీ పక్కన పెట్టలేదు. పైవాళ్ళు తిడుతున్నా ఆడిస్తూనే వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆంటీ, పాదు చేసి నీళ్ళు పోసింది ఆయన, కాయలు కోసుకుంటున్నది మేము. నాలుగు రోజులు ఓపిక పట్టి ఉంటే ఆయన చేతిమీదుగానే గెలిచేవాళ్ళేమో. ఆయన్ని పంపించెయ్యడం అన్యాయం.”

ద్వారకానాథ్ గారు గారెను చారులో ముంచి తినడం మర్చిపోయారు. ఉదయలక్ష్మి గారు గిన్నె బల్ల మీద పెట్టి, చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

తను చేసిన ఘనకార్యం హేమచంద్రకి అప్పుడు తట్టింది. ఆటలవాళ్ళంటే పడని మనిషి ఇంట్లో కూర్చుని, వచ్చిందగ్గర్నుంచీ ఆట తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు! సంబంధం గంగలో కలిసింది. శాంతి తల వంచుకుంది. ఆ తల మళ్ళీ ఎత్తి తనకేసి నవ్వదేమోనన్న బెంగతో అతను టేబుల్ మీది గారెల్ని ఒక్కొక్కటే పళ్ళెంలోకి సర్దేశాడు.

కాసేపటికి ఉదయలక్ష్మి గారు బూరెలతో వచ్చారు. అతని పళ్ళెంలో రెండు వేసి, మధ్యలో గుంట చేసి, చెయ్యి ధారాళంగా వంచి నెయ్యి పోశారు.

“తిను బాబూ. పిల్లాడు నాకు నచ్చాడండీ. ముహూర్తం పెట్టించండి.”

“అమ్మా!” అంది శాంతి. ఆమె మొహం విప్పారింది. హేమచంద్ర చేతిలో బూరె అలాగే ఉండిపోయింది.

ద్వారకానాథ్ గారు ముక్కున వేలేసుకున్నారు. “ఇన్ని మాటలు విన్నాక కూడానా! ఆటలవాళ్ళకి పిల్లనివ్వనన్న నీ పంతం ఓడిపోయినట్టేనా లక్ష్మీ?”

“ఆ పాత కోచ్‌ని నేనే కదండీ, ఓడిపోవడం నాకు అలవాటేగా!”