మూడో సమీక్ష

“నా పరువు నీకు నవ్వులాటకి దొరికిందేటి కిరణ్?”

సొలొమోను మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఫోను ముందుకు చాపారు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ రైల్వే క్వార్టరు ముందుగది ఇరుకు. కిరణ్‌కుమార్ మంచమ్మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. వాడి తల్లి రాధారాణి కింద కత్తిపీట ముందు కూర్చుని కూరకి పొటోల్ కాయలు చెక్కు గీస్తోంది.

ఫోనులో ఉన్నది కిరణ్ తయారుచేసిన పేజీ. నోటికొచ్చిన సినిమా పేరు ఏదైనా కొడితే చాలు, ఫిలిం ఫెస్టివల్ సమీక్షలను వెక్కిరిస్తూ కంప్యూటరే ఒక సమీక్ష రాసిపెడుతుంది. కింద ‘సోలో మాస్టారు’ అని సంతకం. వారం రోజులుగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో అదే నవ్వు.

“ముప్పై ఏళ్ళ బట్టి మన సంఘం సినిమా పండక్కి, మనోలు తీసే సినిమాలకి సమీక్షలు రాస్తన్నాను. నిన్న ప్రెసిడెంటు ఫోన్ సేసి, ఈ ఏడు పండగ సంచికలో ఒద్దులెండి మాస్టారూ, సదివితే జనం నవ్వుతారు అన్నాడు. నవ్వేలాగ సేసింది నువ్వు.”

“నాను రాసింది కాదు మాస్టారూ. మీ సంచికలు పదో పన్నెండో దొరికితే మిషన్‌కి ఎక్కించినాను. అదే నేర్చుకుంది.”

“ఏటి నేర్సుకుంటది? సినిమా సూసినోడి రాత వేరు, సూడనోడి రాత వేరు. నాలుగు ముక్కలు వింటే నాను సెప్పేగలను ఏది మిషనో, ఏది మనిసో.”

కిరణ్ ల్యాప్‌టాప్ పక్కకి జరిపాడు. “అయితే సెప్పండి. కరెక్టుగా సెప్తే పేజీ ఇప్పుడే తీసెస్తాను, మీ ముందే.”

“ఠీక్ హై. సినిమా పేర్లు మాత్రం సదవకు.”

మాస్టారు అప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు.

రాధారాణి తలెత్తింది. “మనిసి రాసింది ఒకటుండాలి కదరా. నా ఫోన్లో ఉంది, పంపుతాను.” చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను తీసి ఏదో నొక్కింది.

కిరణ్ ఫోను మోగింది. వచ్చింది ఏదో కాగితం ఫొటో. వాడు దాన్ని పెద్దది చేసి చూశాడు. కింది దాకా చూసి తల్లి మొహంలోకి చూశాడు.

“సదువు,” అందామె, ఇంకో కాయ చేతిలోకి తీసుకుంటూ.

“మూడు సదువుతాను మాస్టారూ. రెండు మిషన్‌వి, ఒకటి మనిసిది.” వాడు మొదలుపెట్టాడు. “నలభై నిమిషాల పాటు కుళాయి కారుతుంది. కారేది నీరా, కాలమా అని ప్రేక్షకుడు తల్లడిల్లుతాడు. చివర్లో ఎవరో వచ్చి కుళాయి కట్టేస్తారు. ఈ శతాబ్దపు విషాదమంతా అందులోనే ఉంది.”

“మిషన్,” అన్నారు మాస్టారు వెంటనే. “వెటకారం. ఇంకోటి సదువు.”

“ఈ చిత్రంలో లోపాలున్నాయి. మాటలు సరిగా వినబడవు, వెలుతురు చాలలేదు. అయినా ఆ తల్లి తలుపు గడియ తీసే చోట నేను ఊపిరి బిగబట్టాను. ఆ చేతిని ఎంతసేపు చూపాలో తీసినవారికి తెలుసు. వచ్చే ఏడు వీరి రెండో చిత్రం కోసం ఎదురుచూస్తాను.”

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మొహం మెత్తబడింది. “ఇది మనిసిది. తప్పు సెప్పినాడు, సెయ్యి కూడా పట్టుకున్నాడు. ఇలగ రాయాలంటే కడుపులో తడుండాల. ఇంక మూడోది సదవక్కర్లేదు.”

“సదవనీండి మాస్టారూ,” అంది రాధారాణి.

ఈసారి కిరణ్ చదువు నెమ్మదిగా సాగింది.

“చేతికి కెమెరా దొరికితే చాలు, సినిమా వచ్చేసినట్టే అనుకున్నవారి చిత్రమిది. పోపు మాడితే ఇంటివాళ్ళు మాత్రమే తింటారు. ఇక్కడ ఊరంతా తినవలసి వచ్చింది. పదకొండో నిమిషానికి నేను లేచి వచ్చేశాను. మిగిలింది చూడకుండానే చెప్పగలను. తీసినవారికి నాదొక్కటే మనవి: దయచేసి మళ్ళీ తీయకండి.”

మాస్టారి మొహం ఎర్రబడింది.

“సూసినావా నీ మిషన్ బుద్ధి? సగంలో లేసొచ్చి మిగతాది సూడకుండానే సెప్తాదట. ఆ తీసినోలు ఎవరో, ఎంతమంది కాళ్ళావేళ్ళా పడి తీసినారో, తెల్లారితే ఈ ముక్క సదువుకుని ఏ మూల కూకుని ఏడిసినారో, దానికేటి తెలుస్తాది? ప్రాణం లేనిది కాబట్టే అంత మాట రాసింది.”

కిరణ్ తల దించుకున్నాడు.

“గెలిసినాను కదా. తియ్యి పేజీ.”

రాధారాణి కత్తిపీట పక్కకి జరిపింది. “మూడోది మిషనే రాసిందంటారా మాస్టారూ?”

“బైబిలు మీద సెయ్యేసి సెప్తానమ్మా. మనిసన్నోడు ఇలగ రాయడు.”

ఆమె తన ఫోను ఆయన చేతిలో పెట్టింది. “కింద పేరు సూడండి. రాసింది మీరే. ఇరవై రెండేళ్ళయింది, నాను మళ్ళీ తియ్యలేదు.”