చెవిలో చెప్పిన లెక్క

"సంతకం కావాలంటే మీ పిల్లను ఈ లెక్క చెయ్యమను," అంటూ హెడ్మాస్టరు వెంకటరామారావు సుద్దముక్క అందుకున్నాడు.

ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టడానికి ఆ రోజే ఆఖరు. అడవిలో దుంగలు కోసే యాకూబ్ దరఖాస్తు పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. అతని కూతురు జాన్‌బీ తరగతి గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఇంట్ల ఏం చదువు చెప్తున్నవ్ యాకూబ్?"

"మా తాత కితాబుల ఉన్నట్టే సార్. మొదలు అదబు, మర్యాద. ఇల్ము, అంటే చదువు, ఆ తర్వాత. పిల్ల నెత్తికి పట్టినంతే చెప్పాలె. కొట్టొద్దు. చదువైనంక ఆడుకోనియ్యాలె."

"ఆడుకుంటే లెక్కలొస్తాయా? చూద్దాం."

ఇరవై అడుగుల దుంగ. నాలుగేసి అడుగుల ముక్కలు చెయ్యాలి. ఒక్క కోతకు ఆరు నిమిషాలు. మొత్తం ఎంతసేపు?

జాన్‌బీ బోర్డు చూసింది. పెదాల్లోనే లెక్క కట్టుకుంటోంది.

"ఎవరన్నా చెప్పండ్రా!"

"ఇర్వైనాలుగు నిమిషాలు సార్!" మోతీలాల్ లేచి అరిచాడు.

హెడ్మాస్టరు 24 వేసి కింద గీత గీశాడు. "ఇప్పుడన్నా తెలిసిందా? ఎట్లా వచ్చిందో చెప్పు."

జాన్‌బీ ఆ అంకె వైపు చూసి తల దించుకుంది. "సార్... ఒక్కసారి బయటకు వస్తరా?"

"ఒంటికి పోవాల్నేమో సార్!" వెనక బెంచీ నవ్వింది.

వరండాలోకి వచ్చాక ఆ పిల్ల మునివేళ్ల మీద లేచి చిన్నగా చెప్పింది. "ఐదు ముక్కలు గద సార్. ఐదార్ల ముప్పై. బోర్డు మీద తప్పు పడ్డది."

పక్కనే ఉన్న యాకూబ్ ఏదో అనబోయి ఆగాడు.

"మరి లోపల చెప్పలేదేం?"

"గురువు తప్పు పదిమందిల చెప్పొద్దు, చెవుల చెప్పాలె. మా అబ్బా చెప్పిన మొదటి పాఠం సార్."

హెడ్మాస్టరు కిటికీలోంచి బోర్డును చూశాడు. తర్వాత చాలాసేపు ఆ పిల్లను చూశాడు.

"అవునమ్మా, తొందరలో పొరపాటైంది," అని దరఖాస్తు గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

జూలూరుపాడు దారిలో టేకుచెట్ల నడుమ జాన్‌బీ గంతులేస్తూ నడిచింది. ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, యాకూబ్ వంగి కూతురి చెవిలో అన్నాడు.

"బిడ్డా, ఐదు ముక్కలకు నాలుగు కోతలే పడ్తయి. సార్ లెక్కే రైటు."