సగం ఊపిరి

“సగమే ఊదు బాపు. మూడుసార్లు గూడ ఒక్కతీరుగ రావాలె.”

మమత చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని తండ్రి చేతికిచ్చింది. ఊదితే దాని మీది ముల్లు జరిగి ఊపిరి బలమెంతో చూపిస్తుంది. రాయమల్లు ఊదాడు. నూట తొంభై. మళ్లీ ఊదాడు. నూట తొంభై. మూడోసారీ ముల్లు అక్కడే ఆగింది.

“అరె! మొదటి దినమే గిట్లనా?”

“భాగవతంల వేషం కట్టినోన్ని బిడ్డా. నాకు నేర్పుతవా?”

“ఏదీ, ఒక్కపారి పూర్తిగ ఊదు. నీ అసలు బలమెంతనో చూద్దాం.”

“వద్దు. పూర్తిగ ఊదుడు అలవాటైతే మళ్ల సగం రాదు.”

అదీ నిజమేననిపించి ఆమె ఊరుకుంది.

గోదావరిఖనిలో ఇది వింత సంగతేం కాదు. బొగ్గుబాయి కార్మికుడు జబ్బుతో పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని కొడుక్కి ఉద్యోగం దొరుకుతుంది. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు బతుకు ఫిట్ అవుతుందన్నమాట. రిటైర్మెంటు దగ్గరపడితే ఆ దారి మూసుకుపోతుంది. రాయమల్లుకు ఇక ఆరునెలలే గడువు. కొడుకు శివ డిగ్రీ చదివి ఎనిమిదేళ్లుగా షేర్ ఆటో తోలుతున్నాడు.

మమతది రెస్పిరేటరీ థెరపీ కోర్సులో చివరి ఏడు. ఊళ్లోని పెద్ద దవాఖానలో శిక్షణ పొందుతోంది. ఊపిరాడని వాళ్లకు ఆక్సిజన్ పెట్టడం, ఊపిరితిత్తుల పరీక్షలు చేయడం నేర్చుకుంటున్న పిల్ల, ఇంట్లో కన్నతండ్రికి అబద్ధం ఊదడం నేర్పిస్తోంది. పట్టుబడితే కోర్సూ పోతుంది, పరువూ పోతుంది.

మొదట ఆమె ససేమిరా అంది. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయే పాత బాయి కార్మికులను వార్డులో రోజూ చూస్తోంది మరి.

“అన్నను బాయిలకు పంపద్దు బాపు,” అని ఏడ్చింది కూడా.

“ఇప్పుడు అన్ని మిషిన్లేనాయె. దుమ్మెక్కడిది? నన్ను చూడరాదు. ముప్పయి ఏండ్లు దిగిన. నాకేమైంది?”

ఒంట్లో బాగాలేదని ఒక్కరోజూ డ్యూటీ మానని మనిషి. ఆ మనిషిని చూసే ఆమె మెత్తబడింది.

ఇక రాయమల్లు నాటకం ఇల్లంతా నిండిపోయింది. క్వార్టరు మెట్లెక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ముద్ద కంచంలోనే వదిలి ఊపిరి తీసుకునేవాడు. రెండు దిండ్లకు ఆనుకుని పడుకునేవాడు.

“ఇంట్ల గూడ ఏందయ్యా నీ యాక్టింగు? చూడలేక సస్తున్న,” అని భార్య సారవ్వ విసుక్కుంది.

“అలవాటు కావాలె గదనే,” అని దగ్గుతూ నవ్వాడు. శివ చప్పట్లు కొట్టాడు. మమతా నవ్వింది గానీ, ఆ దగ్గు ఆమెకెందుకో నచ్చలేదు.

“దగ్గు జర ఎక్కువైతుంది బాపు. తగ్గించు.”

“సరే బిడ్డా.”

అప్పట్నుంచి ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ దగ్గు వచ్చినప్పుడల్లా బయటికి పోయేవాడు.

దవాఖానలో పరీక్షలు చూసే సుమైరా మేడం అంటే మమతకు హడల్. “నటించేటోళ్లు మూడుసార్లు మూడు తీర్ల ఊదుతరు. మిషిన్ గీసే గీతలు ఒకదాని మీదొకటి పడవు. జల్ది దొరికిపోతరు,” అని శిక్షణకొచ్చిన పిల్లలకు రోజూ చెప్పేది. ఆ గీతలు తలచుకుంటే మమతకు అన్నం సహించేది కాదు.

బోర్డు వాళ్లు రాయమల్లును పరీక్షకు అక్కడికే పంపారు.

“మా బాపు మేడం,” అంది మమత.

“అయితే నువ్వు మిషిన్ ముట్టకు. దూరం నిలబడి చూడు.”

రాయమల్లు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

“ఊదు కాకా! ఊదు, ఊదు, ఇంకా ఊదు!”

అతని మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు నల్లబడ్డాయి. ఇంత నటన అక్కర్లేదు బాపు, దొరికిపోతాం అని మమత లోలోపల మొత్తుకుంది. మూడుసార్లూ అంతే. తెర మీద మూడు గీతలు పడ్డాయి. మూడూ కలిసి ఒకే గీతలా కనిపించాయి.

సుమైరా చాలాసేపు తెరనే చూసింది. తర్వాత మమత వైపు తిరిగింది.

“ఇంట్ల గూడ ఇట్లనే ఉంటడా?”

“ఇట్లనే ఉంటడు మేడం.”

“ఎన్ని దినాలకెళ్లి?”

“మూ... మూడు నెలలకెళ్లి.”

సుమైరా ఆమెను తేరిపార చూసి, ఇంకేమీ అడక్కుండా కాగితం మీద సంతకం పెట్టింది. ఆ చూపు మమతను చాలా రోజులు వెంటాడింది. ఫోను మోగితే చాలు, కోర్సు నుంచి తీసేశామని చెబుతారేమోనని వణికిపోయేది.

ఎవరూ ఫోను చేయలేదు. రాయమల్లు అన్‌ఫిట్ అని తేలింది. కాగితాలన్నీ అయి, కొత్త ఉద్యోగపు శిక్షణ ముగిసి, శివ మొదటిసారి బాయి దిగే రోజు వచ్చింది. పొద్దున్నే కొత్త బూట్లు టకటకలాడిస్తూ మొదటి షిఫ్టుకు బయల్దేరాడు. సారవ్వ కళ్లు తుడుచుకుంది. తండ్రీ బిడ్డా బస్సుదాకా వెళ్లి అతన్ని సాగనంపి వచ్చారు.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే రాయమల్లు మధ్యలో ఆగి గోడ పట్టుకున్నాడు. మమతకు నవ్వొచ్చింది. ఇన్ని నెలల భయం ఆ నవ్వుతో దిగిపోయినట్టయింది.

“ఇంకా దేనికి బాపు యాక్టింగు? అన్న డ్యూటీ ఎక్కిండు గద. ఇగ ఆ సగం ఊపిరి బంద్ చెయ్యి.”

దూరమైపోతున్న బస్సు చప్పుడు వినబడకుండా పోయేదాకా రాయమల్లు చెవులు రిక్కించి విన్నాడు. తర్వాత మెల్లగా ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

“నేనెన్నడు సగం ఊదలే బిడ్డా.”