ఒకటిన్నర రెట్లు

కంప్యూటర్ కూత పెట్టింది. తెర మీద అంకె చూసి దీవెన కళ్లు నులుముకుంది. ఇరవై ఎనిమిది. మొన్న శనివారం దాకా ఇదే కంప్యూటర్ మీద నిమిషానికి నలభై రెండు మాటలు కొట్టిన పిల్ల.

“మళ్లీ కొట్టు,” అన్నాడు గణేష్‌బాబు మాస్టారు, తల ఎత్తకుండా. ఆయన ధ్యాసంతా మూత ఊడదీసిన కంప్యూటర్ డబ్బా మీదే ఉంది.

భీమవరంలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్‌కి మంచి పేరే ఉంది. వరసగా టైపు మిషన్లు, మూలన ఒక్కగానొక్క కంప్యూటర్. అందులో టైపు పరీక్ష పెట్టే ప్రోగ్రాం ఆయన బావమరిది సొంతంగా రాసి, ఆ కంప్యూటర్ మీదే సరిచూసి ఇచ్చాడు. పది నిమిషాలు లెక్కపెట్టడం, అవగానే కూత పెట్టడం, స్పీడెంతో చూపించడం, అన్నీ అదే చూసుకుంటుంది. అంతా సవ్యంగా సాగుతుండగా ఎదుటి మేడ మీద కొత్త కంప్యూటర్ సెంటరు వెలిసింది. తమవి అన్నిటికంటే వేగమైన ‘పెంటియం త్రీ’ కంప్యూటర్లని మనిషెత్తు అక్షరాలతో బోర్డు పెట్టారు. ఆ రోజు నుంచి మాస్టారికి కాలు నిలవలేదు.

కొత్తది కొనడం ఇప్పట్లో అయ్యే పని కాదు. ఏదో పత్రికలో, ప్రాసెసర్‌ని దాని అసలు వేగానికి మించి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ గురించి చదివి, ఆదివారం పొద్దున్నే కూర్చుని, తన పాత మూడొందల మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ని నాలుగొందల యాభైకి ఎక్కించేశాడు. అది వేడెక్కి ఆగిపోతుంటే ఐసు ఫ్యాక్టరీ నుంచి ముక్క తెప్పించి, బేసిన్లో వేసి, వెనకాల టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. రొయ్యలకి పనికొచ్చే ఐసు ప్రాసెసర్‌కి మాత్రం ఎందుకు పనికిరాదని ఆయన వాదన. పనికొచ్చింది కూడాను.

“ఇప్పుడు ఇందులో ప్రతిదీ ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తుందండి,” అని గుమ్మం తొక్కిన ప్రతివాళ్లకీ చెప్పుకుని మురిసిపోతున్నాడు.

నడవనివల్లా దీవెన వేళ్లే. మళ్లీ కొట్టింది. మళ్లీ ఇరవై ఎనిమిదే.

ఆమెకి భయం వేసింది. భయం వేయదూ మరి? వాళ్లమ్మ సంపూర్ణమ్మ రొయ్యల కంపెనీ షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. ఏళ్ల తరబడి ఐసు నీళ్లలో నాని ఆవిడ వేళ్లు అన్నం ముద్ద కలపడానికి కూడా వంగడం లేదు. కంపెనీ ఆఫీసులో టైపిస్టు కావాలని తెలిసి, మేనేజరు పెద్దిరాజు గారిని కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. ఆయన ఒకటే మాటన్నారు. కంప్యూటర్ మీద నిమిషానికి నలభై మాటలు కొడితే ఆఫీసులో కుర్చీ, లేదంటే షెడ్డులో తల్లి పక్కన చోటు. రెండు వారాల్లో తానే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి చూస్తానన్నారు.

చిత్రమేమిటంటే, టైపు మిషను మీద దీవెన ఎప్పట్లాగే నలభై దాటిస్తోంది. కంప్యూటర్ ముందు కూర్చునేసరికే నీరుగారిపోతోంది.

“నీకు కంప్యూటర్ అంటే భయం పట్టుకుందమ్మా,” అని తేల్చేశాడు మాస్టారు. “దాని స్పీడు పెరిగింది. నీది తగ్గింది.”

పది నిమిషాలూ ఇట్టే అయిపోతున్నాయండీ అని ఆమె గొణిగితే, కంగారులో అలాగే అనిపిస్తుందని కొట్టిపారేశాడు. మాస్టారి మాట కాదనుకోవడం దీవెనకి చేతకాదు. నిజంగానే తన వేళ్లకేదో అయిందనుకుంది.

ఇక ఆ వేళ్లకి తీరిక లేదు. కంచం అంచు మీద, అరుగు మీద, బస్సు కిటికీ మీద ఆడుతూనే ఉన్నాయి. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే బైబిలు అట్ట మీద టకటకలాడించి తల్లి చేత మోచేతి పోటు తింది. రోజూ మూడు పరీక్షలు కొట్టి ఇంటికొచ్చేది.

“ఈమధ్య పెందరాళే వచ్చేస్తున్నావేంటే? సరిగ్గా నేర్చుకుంటున్నావా?” అని సంపూర్ణమ్మ అడిగిన రోజు దీవెనకి ఏడుపే తక్కువ. మూడూ కొట్టే వచ్చానని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

అంకె పెరగడమైతే పెరిగింది. ముప్ఫై అయింది, ముప్ఫై మూడయింది. రెండో వారం చివరికి ముప్ఫై ఏడు దగ్గర మొరాయించింది.

చెప్పిన రోజు పొద్దున్న పెద్దిరాజు గారు వచ్చారు. సంపూర్ణమ్మ షెడ్డులో పనాపుకుని, రబ్బరు బూట్లతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. మాస్టారు కొత్త ఐసు వేయించి, ఒకటిన్నర రెట్ల సంగతి ఆయనక్కూడా వినిపించాడు. ఆయన తలూపి, ఇంగ్లీషు ఉత్తరం ఒకటి దీవెన ముందు పెట్టి, “పది నిమిషాలమ్మా, కానీ,” అన్నారు.

దీవెన కొట్టింది. గది లేదు, ఫ్యాను లేదు, గుమ్మంలో అమ్మ లేదు. అక్షరాలు, వేళ్లు, అంతే. తన బతుకులో అంత వేగంగా ఎన్నడూ కొట్టలేదని ఆమెకే తెలుస్తోంది. ఈసారి గట్టెక్కుతానన్న ఆశ పుట్టింది కూడా.

కూత వినపడింది. ముప్ఫై తొమ్మిది.

ఒక్క మాట తక్కువ. కాగితంలో ఇంకా రెండు వరసలు మిగిలే ఉన్నాయి. మాస్టారు నాలిక్కరుచుకున్నాడు. సంపూర్ణమ్మ కూతురి మొహం చూసి సంగతి గ్రహించి, తన చేతులు రెండూ కొంగులో దాచుకుంది. అది చూశాక దీవెన ఇక అక్కడ కూర్చోలేకపోయింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“రేపట్నుంచి అమ్మతోపాటు షెడ్డులోకే వస్తానండి,” అంది, తల వంచుకుని.

పెద్దిరాజు గారు అయోమయంగా చేతి గడియారం చూసుకున్నారు.

“పది నిమిషాలన్నాను కదమ్మా, ఇంకా ఏడైనా కాలేదు.”